జూన్‌లో అమ్మానాన్నలను పామ్ స్ప్రింగ్స్ తీసుకెళ్లొచ్చా?

జూన్ చివర్లో మీ అమ్మానాన్నలు వస్తున్నారని, రిటైరైనవాళ్లు ఎక్కువగా ఉండే ఊరు కాబట్టి లాస్ ఏంజెలెస్ నుంచి రెండు రోజులు కాలిఫోర్నియా ఎడారిలోని పామ్ స్ప్రింగ్స్ తీసుకెళ్లాలనుందని రాశారు. ఊరు వాళ్లకు తప్పకుండా నచ్చుతుంది. కానీ జూన్‌లో వద్దండీ. నవంబరు, మార్చి మధ్య వెళ్లండి. అక్కడి పెద్దవాళ్లలో చాలామంది కూడా కెనడా నుంచో, ఉత్తరాది రాష్ట్రాల నుంచో చలికాలానికి వచ్చి, ఎండలు ముదిరేలోపు వెళ్లిపోయేవాళ్లే.

మాది పల్నాడు. రెంటచింతల ఎండలు చూసిన మా నాన్న "ఎండ మనకేం కొత్తరా" అంటే నేనూ సరేనని జులైలో తీసుకెళ్లాను. ఆ నెలలో అక్కడ 42 డిగ్రీలు మామూలే. 2024 జులై 5న 51 దాటింది. అంకె కన్నా భయపడాల్సింది ఆ పొడిగాలికి. మన దగ్గర చొక్కా తడిసి ఒంటికి అంటుకుంటే నీళ్లు తాగాలని గుర్తొస్తుంది. అక్కడ చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. చెమటే లేదు కదా అని నాన్న నీళ్లు ముట్టలేదు. పదకొండింటికి అరగంట నడిచారో లేదో, కళ్లు తిరుగుతున్నాయని ఒక దుకాణం మెట్ల మీద కూలబడ్డారు. ఆయన బీపీ మాత్రల్లో ఒకటి ఒంట్లో నీరు తగ్గించేదని నాకు అప్పటిదాకా తట్టనే లేదు. కారులో ఏసీ వేసి, కొంచెం కొంచెంగా నీళ్లు పట్టిస్తూ కూర్చున్న ఆ గంట టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

మళ్లీ జనవరిలో వెళ్లాం. పగలు ఇరవై డిగ్రీలు, హాయిగా తిరిగారు. కొండ మీదికి వెళ్లే ట్రామ్‌వే మాత్రం వదలొద్దు. 1963 నుంచి నడుస్తోంది. తీగల మీద వేలాడుతూ పది నిమిషాల్లో 2,643 అడుగుల నుంచి 8,516 అడుగులకు చేరుస్తుంది, పెట్టె నేల మెల్లగా గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి నిలబడినచోటే నాలుగు దిక్కులూ కనిపిస్తాయి. అమ్మ సగం దారి నా చెయ్యి వదల్లేదు. పైన దిగి, జీవితంలో మొదటిసారి మంచు పట్టుకుని చూసింది. స్వెటర్లు మర్చిపోవద్దు. గుండె, ఊపిరి ఇబ్బందులుంటే ముందే డాక్టర్‌ని అడగండి, పైన గాలి పలచన.

నాన్నకు ఎక్కువ నచ్చింది ఆండ్రియాస్ కాన్యన్ అనే లోయ. అక్కడి లోయలు అగువా కాలియెంటే కహుయియా అనే అమెరికా ఆదివాసీ తెగవాళ్లవి, ఊరిలో కూడా చాలా స్థలం వాళ్లదే. ఎడారి మధ్యలో పారే వాగు, దాని వెంట మన తాటిచెట్లలాంటి పామ్ చెట్లు. ఎండిన మట్టలు రాలకుండా మాను చుట్టూ వేలాడుతుంటాయి. మైలు దూరం దారి, మెల్లగా నడిస్తే చాలు. "ముంజలు కాస్తాయేమో అడగరా" అని రెండుసార్లు అన్నారు.

జూన్ తప్పదంటే బయటి తిరుగుడు పొద్దున్నే ముగించండి. మధ్యాహ్నం ట్రామ్‌లో పైకి వెళ్లిపోండి, ఎండాకాలంలో కూడా అక్కడ చల్లగా ఉంటుంది. కారులో నీళ్లు కేసులకొద్దీ పెట్టుకోండి, దాహం అనకపోయినా అరగంటకోసారి మీరే గ్లాసు చేతికివ్వండి.