ఆవిడ ప్రార్థన వింటే నాకు ఒళ్ళు మండుతోంది

ప్రశ్న: మాది మలికిపురం దగ్గర పల్లెటూరు, అత్తారిది పాలకొల్లు. నాకు 28 ఏళ్ళు. పెళ్ళైన నాలుగేళ్ళకి కడుపు పండింది, ఏడో నెలలో పుట్టింటికి వచ్చాను. నాన్న రొయ్యల చెరువు లీజులో అప్పులపాలైతే నా తొమ్మిదో ఏట ఆవిడ కువైట్ వెళ్ళింది. సఖినేటిపల్లి రేవులో వారంలో వచ్చేస్తానని చెప్పి పంటు ఎక్కింది, పదహారేళ్ళు రాలేదు, నా పెళ్ళికి మాత్రం 20 రోజులు వచ్చింది. నన్ను అమ్మమ్మే పెంచింది, అమ్మమ్మ పోతే కూడా రాలేదు. తిరిగొచ్చి మూడేళ్ళైంది. రోజూ తెల్లారగట్ల నాలుగింటికి లేచి గట్టిగా ఏడుస్తూ ప్రార్థన చేస్తుంది, నా పేరు వచ్చేసరికి నేను లేచి అరుగు మీదకి వెళ్ళిపోతాను. తలుపేసుకుని రహస్యంగా చెయ్యమన్నారు కదా యేసు, ఇది ఊరికి వినిపించడానికి కాదా? నాకేమో ప్రార్థనలో కూర్చుంటే ఏమీ అనిపించట్లేదు, మాటలు గొంతులోనే ఆగిపోతున్నాయి. పాస్టరమ్మ గారు విశ్వాసం తగ్గిందంటున్నారు. 21 రోజులు ఉపవాస ప్రార్థన పెట్టుకుంటే మళ్ళీ మామూలౌతానా? (నాలుగు పేజీల ఉత్తరం, కుదించాం.)

జవాబు: తల్లీ, ముందు ఉపవాసం సంగతి తేల్చేస్తాను. ఏడో నెల కడుపుతో 21 రోజులు కాదు కదా ఒక్క పూట కూడా వద్దు. ఏమీ అనిపించట్లేదన్నావు, దానికి అంత కంగారు అక్కర్లేదు, కీర్తనల గ్రంథం తెరిచి చూడు, 13వ కీర్తన మొదలవ్వడమే ఎంతకాలం అని దేవుణ్ణి నిలదీస్తూ మొదలవుద్ది, 88వ కీర్తనైతే చివరి మాట దాకా చీకటే, అవీ ప్రార్థనలే. కాబట్టి నీ ప్రశ్నకి జవాబు అయిపోయింది. నువ్వు అడగని దాని గురించి మాట్లాడదాం.

నీ ఉత్తరం రెండోసారి చదివేటప్పుడు పెన్ను పట్టుకుని కూర్చున్నాను. అమ్మమ్మ అని పదిహేడు చోట్ల రాశావు. అమ్మ అని ఒక్క చోట కూడా లేదమ్మా, నాలుగు పేజీల్లోనూ అంతా ఆవిడ, ఆవిడ, ఆవిడే. నీ గొంతులో అడ్డంపడుతున్నది ఆ మాటేనని నాకు అనిపిస్తోంది, విశ్వాసం కాదు.

పరలోక ప్రార్థన నీకు చిన్నప్పట్నుంచీ నోటికి వచ్చు కదా, ఒకసారి నెమ్మదిగా చెప్పుకుని చూడు. మా తండ్రీ, మా అనుదినాహారము, మమ్మును... అందులో నా అన్న మాట ఎక్కడా లేదు. నువ్వు అరుగు మీద ఒక్కదానివే కూర్చుని మా అంటున్నావు గానీ లోపల గదిలో మోకాళ్ళ మీద ఉన్న మనిషి ఆ మా లో ఉందా లేదా? ఆ తర్వాత వచ్చే మాట ఇంకా కష్టం, మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము అని. మీ ఇంట్లో ఋణం అంటే ఏంటో నీకు ఒకరు చెప్పాలా? రొయ్యల చెరువు అప్పు తీరింది, డాబా లేచింది, నీ చదువు, నీ పెళ్ళి అన్నీ అయ్యాయి, నీ లెక్కలో మాత్రం ఆవిడ ఇంకా బాకీనే.

గట్టిగా చేస్తోందన్నావు చూడు, అక్కడ నాకు మనసు కలుక్కుమంది. ఖాదిం వీసా, అంటే ఇంటిపని వీసా మీద వెళ్ళి వచ్చిన ఆడవాళ్ళతో నేను చాలా ఏళ్ళుగా మాట్లాడుతున్నాను, రాజోలు వైపు ఏ వీధికెళ్ళినా ఒకరు ఉంటారు. గదిలోకెళ్ళి తలుపేసుకోమన్నారు ప్రభువు, నిజమే, కానీ వాళ్ళలో చాలామందికి గదేది తలుపేది, పిల్లల గదిలో కిందో, వంటింటి పక్కన సామాన్ల గదిలోనో పడుకుంటారు. ఒకామె నాతో చెప్పింది, బాత్రూంలో కుళాయి తిప్పి, ఆ నీళ్ళ చప్పుడులో తల మీది గుడ్డ నోట్లో కుక్కుకుని ఏడ్చి రెండు నిమిషాల్లో ఆమెన్ అనుకుని బయటికొచ్చేదట. అక్కడ సెలవు శుక్రవారం, మన తెలుగువాళ్ళ ఆరాధనా శుక్రవారమే, కానీ ఇంటిపని వాళ్ళకి ఆ రోజే చుట్టాలొచ్చి పని రెట్టింపు, గుడి మొహం చూడనివాళ్ళు ఎంతమందో. పైగా మీది బ్రదరన్ సంఘం అని రాశావు. 1836లో బౌడెన్, బీర్ దంపతులు ఇంగ్లండు నుంచి వచ్చి నరసాపురం వైపు మొదలుపెట్టిన సంఘాలవి, వాటి కూటాల్లో గట్టిగా ప్రార్థన చేసేది మగవాళ్ళు, ఆడవాళ్ళు ముసుగేసుకుని మనసులోనే. అంటే మీ అమ్మకి ఇక్కడా నోరు లేదు అక్కడా నోరు లేదు. సొంత డబ్బుతో కట్టుకున్న సొంతింట్లో, నాలుగ్గోడల మధ్య, ఇన్నాళ్ళకి గొంతు విప్పుతోంది. బైబిల్లో బిడ్డ కోసం ఏడుస్తూ ప్రార్థన చేసిన హన్నా పెదవులు కదులుతున్నాయి గానీ స్వరం వినబడట్లేదని యాజకుడు ఏలీ ఆమె తాగి ఉందనుకున్నాడు. నువ్వు స్వరం వినబడుతోందని నటన అనుకుంటున్నావు.

అలాగని తప్పంతా నీదే అంటానని అనుకోకు. వారంలో వచ్చేస్తానని తొమ్మిదేళ్ళ పిల్లకి చెప్పి పంటు ఎక్కడం, నువ్వు ఆ రేవుకెళ్ళి వచ్చే ప్రతి పంటూ చూడటం, అది నేను చదివి ఊరుకోలేకపోయాను. అది ఆమె నీకు చెప్పి తీరాల్సిన జవాబు. దేవుడి ముందు రోజూ ఏడ్చినంత మాత్రాన బిడ్డ ముందు ఒప్పుకోవాల్సింది తీరిపోదు, నేను ఈ మాట ఎంత పెద్ద ప్రార్థనాపరులకైనా చెప్తాను. అర్పణ బలిపీఠం దగ్గరే వదిలేసి ముందు వెళ్ళి సమాధానపడు అని మత్తయి 5లో ఉన్నది తల్లులకి కూడా వర్తిస్తుంది. కానీ ఆమె మొదలుపెట్టదు, పదహారేళ్ళు ఎవరేమన్నా తలదించుకుని సరే అనడం అలవాటైన మనిషి, నువ్వే అడగాలి.

రేపు నాలుగింటికి అరుగు మీదకి వెళ్ళకు. మోకాళ్ళ మీద కూర్చోవద్దు, కుర్చీ వేసుకుని పక్కన కూర్చో. నీ పేరు వచ్చినప్పుడు లేవకు, అంతే, ఇంకేం చెయ్యక్కర్లేదు. ఆమెన్ అన్నాక లైటు వెయ్యకుండానే అడుగు, వారంలో వస్తానని ఎందుకు చెప్పావమ్మా అని, అమ్మమ్మ పోయిన రోజు నువ్వు ఎక్కడున్నావని. పాస్‌పోర్ట్ కఫీల్ దగ్గర, అంటే పనిలో పెట్టుకున్న యజమాని దగ్గరుందని చెప్పొచ్చు, ఏడవొచ్చు, కోప్పడి లేచి వెళ్ళిపోనూవచ్చు. ఆ రోజు వెళ్ళిపోతే మర్నాడు మళ్ళీ కుర్చీ వేసుకో. నీకు మాత్రం ప్రార్థన రాకపోతే రాకపోనీ, బలవంతాన తెచ్చుకోకు, ఆమె చేస్తున్నదాంట్లో నువ్వూ నీ బిడ్డా ఉన్నారు కదా, ఈ రెండు నెలలూ దాంతో సరిపెట్టుకో. పాస్టరమ్మ గారు అడిగితే ఉపవాసం వద్దని చెప్పారను, మిగతాది ఆమెకి చెప్పక్కర్లేదు, అది మీ ఇద్దరి సంగతి.