అద్దె పెంపు సరే, ఇల్లు ఎవరి పేరున ఉంది?

ప్రశ్న: హైదరాబాద్ నిజాంపేటలో డబుల్ బెడ్‌రూం ఫ్లాట్‌లో అద్దెకు ఉంటున్నాం. మొదటి 11 నెలలు 22,000, ఆ తర్వాత 24,000 కడుతున్నాం. మెయింటెనెన్స్ 2,500 వేరు. అడ్వాన్సు 48,000 ఇచ్చాం. రెండో అగ్రిమెంటు వచ్చే నెలాఖరుకు అయిపోతుంది. ఈసారి పది శాతం పెంచి 26,400 ఇవ్వాలని, అడ్వాన్సు కూడా 52,800కు సరిచేయాలని ఓనరుగారు అంటున్నారు. రెండు కిలోమీటర్ల దూరంలో ఇలాంటిదే ఫ్లాట్ 24,500కు వస్తోంది. ఉండిపోవాలా, మారిపోవాలా? ఇల్లు అమెరికాలో ఉంటున్న వాళ్లబ్బాయి పేరున ఉంది. అద్దె మాత్రం తండ్రిగారి ఖాతాకు పంపిస్తున్నాం. ఆఫీసులో హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం మీద పన్ను మినహాయింపు) కోసం ఆయన పాన్ నంబరే ఇచ్చాను.

జవాబు: మీరు అడిగింది పది శాతం గురించి. కానీ ఉత్తరం చివర రాసిన మూడు వాక్యాలు దానికంటే చాలా ఖరీదైనవి. అడిగినదానికి జవాబు చెప్పి అక్కడికి వస్తాను.

కొత్త ఫ్లాట్‌కు వెళితే నెలకు 1,900 మిగులుతుంది, 11 నెలలకు 20,900. ఇప్పుడు ఖర్చు చూడండి. బ్రోకరుకు సగం నెల అద్దె అనుకుంటే 12,250. నెల అద్దె మొత్తం అడిగేవాళ్లూ ఉన్నారు. ప్యాకర్స్ వాళ్లకు 12,000. రెండు ఏసీలు విప్పి, కొత్తచోట బిగించి, గ్యాస్ నింపడానికి 4,000. పాత ఇల్లు నెలాఖరుకు ఖాళీ చేస్తారు, కొత్త ఇంట్లోకి ఇరవయ్యో తేదీకే దిగుతారు. ఆ పది రోజులు రెండిళ్లకూ అద్దె, ఇంకో 8,000. మొత్తం 36,250. ఈ అంకెలు నా అంచనాలు, మీకు వచ్చిన కొటేషన్లు వేసుకుని మళ్లీ లెక్కకట్టండి. నెలకు 1,900 చొప్పున ఈ ఖర్చు రాబట్టుకోవడానికి 19 నెలలు పడుతుంది. ఆలోపు కొత్త ఓనరు కూడా ఒకసారి అద్దె పెంచే ఉంటాడు.

పెయింటింగ్ కింద పాత ఓనరు అడ్వాన్సులో పట్టుకునే నెల అద్దెను కావాలనే కలపలేదు. చాలామంది దాన్నీ మారే ఖర్చులో వేసి 60 వేలు దాటించేస్తారు. అది ఎప్పుడు ఖాళీ చేసినా తప్పేది కాదు, ఇప్పుడు మారితే కాస్త ముందుగా పోతుంది, అంతే. కాబట్టి డబ్బు పరంగా చూస్తే మారడం దండగే. అలాగని 26,400కు తలూపాల్సిన పనీ లేదు.

ఎందుకో ఓనరు వైపు నుంచి చూడండి. నెలకు 2,400 పెంచితే 11 నెలల్లో ఆయనకు అదనంగా వచ్చేది సరిగ్గా 26,400. అంటే ఒక నెల కొత్త అద్దె. మీరు వెళ్లిపోయి ఫ్లాట్ ఒక్క నెల ఖాళీగా ఉంటే చాలు, ఈ ఏడాది పెంపు మొత్తం అక్కడే ఆవిరైపోతుంది. ఆ నెల మెయింటెనెన్స్ ఆయన జేబులోంచే పోతుంది, గోడలకు రంగులు వేయించాలి, టులెట్ బోర్డు పెట్టి వచ్చేవాళ్లందరికీ తాళం తీసి చూపించాలి. వేళకు అద్దె కట్టే పాత కిరాయిదారుని వదులుకోవడం ఎంత నష్టమో ఓనర్లకు తెలియక కాదు, పది శాతం అనేది అగ్రిమెంటు నమూనాలో అచ్చయి ఉంటుంది కాబట్టి నోటికి అదే వస్తుంది.

ఐదు శాతంతో మొదలుపెట్టండి, అంటే 25,200. ఫోన్లో మాట్లాడాక వాట్సాప్‌లో కూడా ఇలా రాసి పెట్టండి: “అంకుల్, వచ్చే అగ్రిమెంటుకు 25,200 ఇవ్వగలం. ప్రతి నెలా ఒకటో తేదీకే పంపిస్తాం. అడ్వాన్సు ఇప్పుడున్న 48,000 అలాగే ఉంచండి.” వేరే ఫ్లాట్ 24,500కు వస్తోందన్న మాట మాటల్లో చెప్పండి, రాతలో వద్దు. రాస్తే బెదిరింపులా కనిపిస్తుంది. ఆరు శాతం దగ్గర, అంటే 25,440 దగ్గర తెగినా ఒప్పుకోవచ్చు.

ఒక్క ఏడాదికి ఇంత రాద్ధాంతమా అనుకోకండి. పెంపు 11 నెలలకోసారి కాబట్టి పది శాతం అంటే ఏడాదికి దాదాపు 11 శాతం. ఈసారితో మొదలుపెట్టి ఐదుసార్లు పది శాతం పెరిగితే మీ 24,000 కాస్తా 38,652 అవుతుంది. ఐదు శాతం చొప్పునైతే 30,631. మీ జీతాలు ఆ పరుగు అందుకుంటాయో లేదో మీకే తెలుసు. ఇంకో చిన్న మెలిక ఉంది. శాతం అద్దె మీదే వేయాలి. కొందరు అద్దె, మెయింటెనెన్స్ కలిపి 26,500 మీద పది శాతం వేస్తారు. అక్కడ నెలకు 250 ఊరికే పోతుంది. ఎండాకాలం ట్యాంకర్ల పేరుతో అసోసియేషన్ మెయింటెనెన్స్‌ను ఎటూ పెంచుతూనే ఉంటుంది.

పెంపు మీద చట్టం అడ్డు వస్తుందా అంటే, మీ స్థాయి అద్దెలకు 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం పనికిరాదు. 2021లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఇళ్లకు అడ్వాన్సు రెండు నెలలకు మించకూడదంటుంది గానీ, అది నమూనాయే. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అమలు. కాబట్టి మీ బలమంతా మీ అగ్రిమెంటు కాగితమే.

ఇక అసలు విషయం. నెలకు 50 వేలు దాటని అద్దెకు టీడీఎస్ (అద్దె ఇచ్చేటప్పుడే అందులోంచి పన్ను పట్టుకోవడం) గొడవ లేదని అందరికీ తెలుసు. అది ఓనరు ఇక్కడ నివాసి అయినప్పుడు. ఓనరు పన్ను లెక్కల్లో ప్రవాసి అయితే ఆ 50 వేల మినహాయింపు లేదు. నివాసి ఓనరుకు పట్టుకునే రెండు శాతమూ కాదు. 30 శాతం పన్ను, దాని మీద నాలుగు శాతం సెస్సు, కలిపి 31.2 శాతం కిరాయిదారు పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. అద్దె తండ్రిగారి ఖాతాకు వెళుతోంది కదా అంటే కుదరదు. ఇల్లు ఎవరిదో అద్దె ఆదాయం వాళ్లదే. ఆయన కొడుకు తరఫున వసూలు చేసే మనిషి మాత్రమే.

మీ 22 నెలల లెక్క వేద్దాం. 22,000 చొప్పున 11 నెలలు 2,42,000. 24,000 చొప్పున 11 నెలలు 2,64,000. మొత్తం 5,06,000. ఇందులో 31.2 శాతం అంటే 1,57,872. ఇది పట్టుకోనందుకు పన్ను శాఖ అడిగేది ఓనరును కాదు, మిమ్మల్ని. దాని మీద నెలకు ఒక శాతం వడ్డీ అదనం. మీరు బేరమాడుతున్న 2,400 దీని ముందు ఏపాటి?

కంగారు పడకండి, ముందు రెండు విషయాలు రాతపూర్వకంగా తెలుసుకోండి. అబ్బాయి పన్ను చట్టం ప్రకారం ప్రవాసియేనా? అమెరికాలో ఉద్యోగం ఉన్నంత మాత్రాన కాదు, ఆ ఆర్థిక సంవత్సరంలో ఇక్కడ ఎన్ని రోజులున్నారన్నది లెక్క. రెండోది, ఈ అద్దెను ఆయన ఇక్కడి రిటర్నులో చూపించారా? చూపించి పన్ను కట్టేసి ఉంటే, చార్టర్డ్ అకౌంటెంట్ సర్టిఫికెట్‌తో మీ మీద ఉన్న అసలు పన్ను బాధ్యత తీరుతుంది. వడ్డీ ఎంత పడుతుందో కూడా ఆ సీఏనే లెక్కకట్టి చెబుతారు. చూపించకపోతే పాత నెలలది ఎలా సర్దుకోవాలో సీఏ దగ్గర కూర్చునే తేల్చుకోవాలి. ఇది సొంతంగా ఫారాలు నింపి చేసే పని కాదు.

కొత్త అగ్రిమెంటు నుంచి మాత్రం దారి తిన్నగా ఉంది. మీరు టాన్ నంబరు (పన్ను పట్టుకుని కట్టేవాళ్లకు పన్ను శాఖ ఇచ్చే నంబరు) తీసుకోవాలి. నివాసి ఓనరైతే పాన్‌తోనే పని జరిగిపోయేది, ప్రవాసికి అలా కాదు. ప్రతి నెలా పట్టుకున్న పన్ను వచ్చే నెల 7లోపు కట్టాలి, మార్చి నెలది ఏప్రిల్ 30లోపు. మూడు నెలలకోసారి టీడీఎస్ రిటర్ను వేసి, ఓనరుకు సర్టిఫికెట్ ఇవ్వాలి. ఒకసారి సీఏకు అప్పజెబితే ఏడాదికి కొద్ది వేలతో అయిపోతుంది. ఆ ఖర్చు ఎవరిదో కూడా బేరంలో పెట్టండి. నన్నడిగితే సగం సగం న్యాయం.

ఇది వినగానే ఓనరుగారు “మూడో వంతు పట్టుకుంటారా!” అని ఉలిక్కిపడతారు. ఆయనకు ఇలా వివరించండి. 25,200 చొప్పున ఏడాదికి 3,02,400. అందులో ఇంటి ఆదాయానికి ఇచ్చే 30 శాతం తగ్గింపు పోతే మిగిలేది 2,11,680. కొత్త పన్ను విధానంలో 4 లక్షల దాకా పన్నే లేదు. అబ్బాయికి ఇక్కడ వేరే ఆదాయం పెద్దగా లేకపోతే అసలు పన్ను పడదు. ఆ సంగతి చూపించి అబ్బాయి పన్ను శాఖ నుంచి తక్కువ టీడీఎస్ సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. దరఖాస్తు చేయాల్సింది ఆయనే, మీరు కాదు. అందులో మీ టాన్ నంబరు రాయాలి కాబట్టి ముందు మీరు టాన్ తీసుకుంటేనే ఆయన పని కదులుతుంది. ఆ సర్టిఫికెట్ ఒక్క ఆర్థిక సంవత్సరానికే, ఏప్రిల్‌లో మళ్లీ తెచ్చుకోవాలి. అది చేతికి వచ్చేదాకా పట్టుకున్న డబ్బు రిటర్ను వేస్తే ఆయనకు వాపసు వస్తుంది.

“అగ్రిమెంటు మా పేరున రాసుకుందాం, గొడవ ఉండదు” అని తండ్రిగారు అంటారు, చూడండి. ఇల్లు కొడుకు పేరునే ఉంచి అద్దె మాత్రం తండ్రిదని కాగితం రాసుకుంటే పన్ను లెక్కలో చెల్లదు. ఆ ఆదాయం కొడుకుదిగానే చూస్తారు. మీ హెచ్‌ఆర్‌ఏకూ ఇదే చిక్కు. ఏడాది అద్దె లక్ష దాటితే ఆఫీసుకు ఇవ్వాల్సింది ఓనరు పాన్, అద్దె అందుకునే మనిషి పాన్ కాదు. ఈ ఏడాది ప్రూఫులు ఇచ్చే ముందే అబ్బాయి పాన్ తీసుకుని సరిచేయించండి. మధ్యలో అద్దె మారింది కాబట్టి రెండు అగ్రిమెంట్లూ జత చేయండి. మీ వారు కూడా పాత పన్ను విధానంలోనే ఉండి, అద్దె ఇద్దరూ పంచుకుంటుంటే అగ్రిమెంటులో ఇద్దరి పేర్లూ రాయించుకుని ఎవరి వాటా వాళ్లు చూపుకోవచ్చు. ఒకే అద్దెను ఇద్దరూ మొత్తంగా చూపడం మాత్రం కూడదు.

అగ్రిమెంటు మళ్లీ 11 నెలలకే రాసుకోండి. కేంద్ర చట్టం ప్రకారం ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి, అందుకే ఊరంతా ఈ 11 నెలల అలవాటు. నిజానికి ఇక్కడ రాష్ట్ర సవరణ ప్రకారం ఏడాదిలోపు లీజుకూ రిజిస్ట్రేషన్ కావాలి. తేదీ దాటినా కాగితం రాకపోతే ఇల్లు చేజారిపోదు. ఓనరు అద్దె తీసుకుంటూ ఉంటే అది నెలవారీ అద్దెగా సాగుతుంది, ఖాళీ చేయించాలంటే 15 రోజుల నోటీసు ఇవ్వాలి. కానీ హెచ్‌ఆర్‌ఏకు, చిరునామా రుజువుకు పాత తేదీల కాగితం పనికిరాదు.

సంతకం చేసేముందు ఫ్లాట్ నంబరు, పార్కింగ్ నంబరు, కరెంటు మీటరు నంబరు సరిచూడండి. తండ్రిగారు సంతకం చేస్తే ఏ అధికారంతో చేస్తున్నారో కాగితంలోనే ఉండాలి. కొడుకు ఇచ్చిన జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) కాపీ అడగండి, అందులో అద్దెకివ్వడం, అద్దె, అడ్వాన్సు తీసుకోవడం ఉన్నాయో లేదో చదవండి. బ్రోకరు “రెన్యువల్ చార్జీ” అని సగం నెల అద్దె అడిగితే ఇవ్వకండి. పాత ఓనరు, పాత కిరాయిదారు, ఆయన వెతికిపెట్టింది ఏమీ లేదు. స్టాంపు పేపరు, టైపింగ్ ఖర్చు ఇస్తే చాలు.

ఎక్కువగా దెబ్బ తగిలేది అడ్వాన్సు దగ్గర. కొత్త అగ్రిమెంటు టైపు చేసేటప్పుడు పాత అడ్వాన్సు ఊసే ఎత్తరు, లేదా కొత్తగా ఇచ్చిన 4,800 మాత్రమే రాస్తారు. రెండేళ్ల తర్వాత పాత కాగితం దొరకక మీరు వెతుక్కోవాలి. “ఇంతకుముందే ఇచ్చిన 48,000 అడ్వాన్సు ఈ అగ్రిమెంటుకూ కొనసాగుతుంది, ఇల్లు ఖాళీ చేసిన రోజునే తిరిగి ఇవ్వాలి” అనే వాక్యం తప్పక ఉండాలి. ఆ 4,800 మీద పోయే వడ్డీ ఏడాదికి మూడు నాలుగు వందలు, దాని కోసం పంతం వద్దు. పెయింటింగ్‌కు ఎంత పట్టుకుంటారో కూడా రూపాయల్లో రాయించండి. “ఒక నెల అద్దె” అని ఉంటే అద్దె పెరిగినప్పుడల్లా అదీ పెరుగుతుంది. మూడేళ్లు ఉంటే ఏమీ పట్టుకోరాదని అడిగి చూడండి.

కరెంటు బిల్లులో ఎప్పుడైనా ఏసీడీ అని అదనపు మొత్తం వస్తే అది వాడకం చార్జీ కాదు, కనెక్షను మీద ఉండే డిపాజిట్. ఓనరు పేరున జమ అవుతుంది, కాబట్టి ఓనరే కట్టాలి. మీరు కట్టాల్సి వస్తే ఆ నెల అద్దెలో తగ్గించుకుంటామని ముందే రాసుకోండి.

తక్కువ టీడీఎస్ సర్టిఫికెట్ రాకముందే కొత్త అద్దె మొదలైతే మొదటి నెల ఇలా ఉంటుంది: 25,200లో 7,862 ప్రభుత్వానికి, 17,338 అబ్బాయి ఎన్‌ఆర్‌ఓ ఖాతాకు (ప్రవాసులు ఇక్కడి ఆదాయం జమ చేసుకునే బ్యాంకు ఖాతా), మెయింటెనెన్స్ ఎప్పటిలా అసోసియేషన్‌కు. ఈ విడదీత అగ్రిమెంటు మీద సంతకం కాకముందే ఓనరుగారికి పంపి, సరేనని జవాబు తీసుకోండి. ఒకటో తేదీన ఖాతాలో తక్కువ పడ్డాక ఫోన్లో వివరించడం కష్టం.