ఇంట్లో ఎవరూ ఒత్తిడి చేయకపోయినా నాకు నేనే ఊపిరాడకుండా చేసుకుంటున్నాను. గురి తగ్గించుకోవాలా?

బీటెక్ మూడో ఏడాదిలో ఉన్నారు, ఎంటెక్ సీట్ల కోసం రాసే గేట్ పరీక్షకు చదువుతున్నారు, ఇంట్లో ఒక్క మాట అనేవాళ్లు లేరు, అయినా అరగంట ఖాళీగా కూర్చుంటే నేరం చేసినట్టుంటుందన్నారు. గురి తగ్గించుకోకండి. నా అనుమానమంతా మీ తలలో కూర్చుని రోజూ పద్దు రాసే గుమాస్తా మీదే. నాన్న తిడితే అలిగి అన్నం మానేయవచ్చు, అమ్మ వచ్చి సర్దిచెబుతుంది. మనల్ని మనమే తిట్టుకుంటే రాజీ కుదిర్చేవాళ్లు ఎవరుంటారు?

నేను దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉంటూ చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో చదివేవాణ్ణి. పక్క కుర్చీలో గ్రూప్స్‌కు సిద్ధమవుతున్న ఒక అన్న ఉండేవాడు. డబ్బా మూత తీశాడంటే పుస్తకం మూసేయాల్సిందే. నేనేమో ఎడమ చేత్తో ఫార్ములాల కాగితం పట్టుకుని, కుడి చేత్తో కలుపుకొని తినేవాణ్ణి. ఒకరోజు "నీకు వేసిన ఆవకాయ ఎలా ఉంది?" అని అడిగాడు. డబ్బాలోకి చూశాను. ముక్క లేదు, టెంక మాత్రం మిగిలింది. తిన్నది నేనే, రుచి మాత్రం గుర్తులేదు. ఆయన నవ్వి, "ఆ కాగితంలో ఏముందో అదైనా చెప్పు" అన్నాడు. అదీ చెప్పలేకపోయాను.

నాకు పనికొచ్చింది ఒకటే మార్పు: లెక్క గంటల్లో పెట్టుకోవడం మానేయడం. గంటలకు అంతు లేదు. పది చదివితే పదకొండోది ఎందుకు చదవలేదన్న ప్రశ్న వస్తుంది. "ఈరోజు సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్‌లో పాత ప్రశ్నపత్రాల నుంచి ఇరవై లెక్కలు" అని రాసుకుంటే ఇరవయ్యోది అవగానే పని ముగుస్తుంది, లేవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. తప్పిన లెక్కలు వేరే నోటుపుస్తకంలోకి వెళతాయి, మర్నాడు మొదట వాటినే చూడాలి. మెట్రోలో పుస్తకం తీయకూడదని కూడా పెట్టుకున్నాను. ఎంజీబీఎస్‌లో రైలు మారేటప్పుడు ఆ తోపులాటలో ఎలాగూ ఏమీ ఎక్కదు!

నిద్ర మాత్రం తగ్గించుకోకండి. పగలు చదివింది జ్ఞాపకంగా స్థిరపడటంలో నిద్రదే పెద్ద పాత్ర. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, తిండి సహించకపోయినా, బతుకే వృథా అనిపిస్తున్నా అది టైంటేబుల్‌తో తీరే సమస్య కాదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఉచితం, రాత్రయినా పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు.

ఇక ర్యాంకు. గేట్‌లో 3 గంటలు, 65 ప్రశ్నలు, 100 మార్కులు. వీటిలో ఎన్ని తెచ్చుకుంటారన్నది చాలావరకు మీ చేతిలో పని. ఆ మార్కులకు ఏ ర్యాంకు వస్తుందన్నది మిగతావాళ్లు ఎలా రాశారన్న దాన్ని బట్టి ఉంటుంది. పైగా ఒక మార్కు బహుళైచ్ఛిక ప్రశ్నకు తప్పు జవాబు పెడితే మూడో వంతు మార్కు కోత, అంటే తెలియనిది వదిలేయమని ఆ పేపరే చెబుతోంది. సాయంత్రం తెగని లెక్కను పక్కన పెట్టడం చేతకానివాళ్లకు పరీక్ష హాల్లో ఒక్కసారిగా ఆ విద్య అబ్బుతుందని నేననుకోను. స్కోరు 3 ఏళ్లు చెల్లుతుంది కూడా.

మాక్ టెస్టు ర్యాంకులు పంచుకునే వాట్సాప్ గ్రూపులో మీరు తప్పకుండా ఉండే ఉంటారు. బయటకు రావడానికి మొహమాటమైతే దాన్ని మ్యూట్‌లో పెట్టండి, ఎవరికీ తెలియదు.