స్కాలర్‌షిప్ కబురు ఇంకా రాలేదు, హౌసింగ్ డిపాజిట్ కట్టాలా?

ప్రశ్న: మేము టెక్సాస్‌లో, ఫ్రిస్కోలో ఉంటాం. మా అమ్మాయి హైస్కూల్ సీనియర్, అంటే చివరి ఏడాది. ఈ రాష్ట్రంలోనే ఒక పబ్లిక్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ సీటు వచ్చింది, ఇన్-స్టేట్ ఫీజే, అంటే ఈ రాష్ట్రంవాళ్లకి వేసే తక్కువ ఫీజు. వేరే రాష్ట్రంలో ఇంకో యూనివర్సిటీలో నాలుగేళ్ల ఖర్చూ వాళ్లే భరించే స్కాలర్‌షిప్‌కి ఫైనలిస్టు అయింది. ఫిబ్రవరిలో ఇంటర్వ్యూలకి వెళ్లొచ్చింది. ఫలితం ఏప్రిల్ మధ్యలో చెప్తామన్నారు. ఈలోగా ఇక్కడి యూనివర్సిటీ 300 డాలర్ల హౌసింగ్ డిపాజిట్ కట్టమంటోంది. ఆలస్యమైతే మంచి డార్మ్‌లన్నీ, అదే క్యాంపస్ హాస్టళ్లన్నీ, అయిపోతాయని వాట్సాప్ గ్రూపులో ఒకటే గోల. మావారేమో 'దండగ, ఆ కబురేదో రానీ' అంటారు. రోజుకు పదిసార్లు పోర్టల్ తెరిచి చూస్తున్నాం. కార్యసిద్ధి హనుమాన్ గుడిలో కొబ్బరికాయ కూడా కట్టాం. మాది హెచ్-1బీ ఉద్యోగ వీసా, పిల్లది దాని మీద డిపెండెంట్‌గా వచ్చే హెచ్-4. ఏం చేయమంటారు?

జవాబు: డిపాజిట్ కట్టేయండి. మీవారితో ఆ 300 డాలర్ల వాదన ఇక్కడితో ఆపేయొచ్చు. ఈ అమౌంట్‌ని ఖర్చు కింద కాకుండా ఇన్సూరెన్స్ ప్రీమియం కింద చూడమని చెప్పండి. స్కాలర్‌షిప్ వస్తే ఆ డబ్బు పోయినా ఎవరూ బాధపడరు. రాకపోతే ఆగస్టులో పిల్లకి గది ఉంటుంది.

కట్టే ముందు మాత్రం హౌసింగ్ ఒప్పందం తెరిచి రెండు విషయాలు చూడండి. మొదటిది, ఏ తేదీలోగా రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కి ఇస్తారు, ఎంత ఇస్తారు. చాలాచోట్ల అప్లికేషన్ ఫీజు వేరు, డిపాజిట్ వేరు. ఫీజు ఎటూ తిరిగి రాదు, డిపాజిట్ మాత్రం ఒక తేదీ వరకు వస్తుంది. రెండోది, గదులు ఏ వరసలో ఇస్తారు. కొన్ని యూనివర్సిటీలు డిపాజిట్ కట్టిన తేదీని బట్టి ఇస్తాయి, కొన్ని గడువులోగా కట్టినవాళ్లందరికీ లాటరీ తీస్తాయి. లాటరీ అయితే మార్చిలో కట్టినా గడువు చివరి రోజు కట్టినా తేడా ఉండదు. వాట్సాప్ గ్రూపులో భయపెడుతున్నవాళ్లలో ఈ రెండో సంగతి చూసినవాళ్లు ఎందరో నాకు అనుమానమే.

రద్దు గడువు దగ్గర ఒక జాగ్రత్త, ఇది నేను స్వయంగా దెబ్బ తిని నేర్చుకున్నది. మా పెద్దవాడి విషయంలో ఒక కాలేజీ డార్మ్ రద్దుకు ఫలానా రోజు సాయంత్రం 5 గంటలని రాసింది. ఆఫీసు నుంచి వచ్చి, కాఫీ కలుపుకుని, తీరిగ్గా 4:20కి లాగిన్ అయ్యాను. పేజీ మూసేశారు. వాళ్లది ఈస్టర్న్ టైమ్, మాది సెంట్రల్. ఇరవై నిమిషాల తేడాతో 250 డాలర్లు పోయాయి. అప్పటి నుంచి ఏ గడువైనా ఒకరోజు ముందుకు జరిపి క్యాలెండర్‌లో రాసుకుంటాను.

పిల్లల చదువు కోసం పన్ను రాయితీతో దాచుకునే 529 ఖాతా మీకుంటే, ఈ డిపాజిట్‌ని అందులోంచి తీయకండి, మామూలు బ్యాంకు ఖాతా నుంచే కట్టండి. 529 డబ్బుతో కట్టి తర్వాత రద్దు చేసుకుంటే, వెనక్కి వచ్చిన సొమ్మును 60 రోజుల్లో మళ్లీ ఆ ఖాతాలో వేయాలి. వేయకపోతే దాని మీద వచ్చిన లాభానికి పన్ను, పైన పెనాల్టీ. మూడొందల కోసం అంత తలనొప్పి ఎందుకు?

హౌసింగ్ డిపాజిట్ వేరు, ఎన్‌రోల్‌మెంట్ డిపాజిట్ వేరు. మనవాళ్లు చాలామంది ఈ రెంటినీ కలిపేస్తున్నారు. రెండోది 'నేను మీ కాలేజీలోనే చేరుతున్నాను' అని ఇచ్చే మాట. దాన్ని రెండు చోట్ల కట్టడం తప్పు. బయటపడితే సీటు వెనక్కి తీసుకునే హక్కు కాలేజీలకు ఉంది. ఒకచోట కట్టి ఇంకోచోట వెయిట్‌లిస్టులో ఉండటం మాత్రం అందరూ ఒప్పుకునే పద్ధతే. హౌసింగ్ అప్లికేషన్ పెట్టాలంటే ముందు ఎన్‌రోల్‌మెంట్ డిపాజిట్ కట్టాలనే నియమం మీ యూనివర్సిటీలో ఉందేమో చూడండి. ఉన్నా ఇబ్బంది లేదు, ఇంకెక్కడా కట్టలేదు కాబట్టి కట్టేయండి. స్కాలర్‌షిప్ వస్తే ఇక్కడ వెంటనే రాతపూర్వకంగా వద్దని చెప్పి అక్కడ కట్టండి.

ఇక ఆ కబురు ఎందుకింత ఆలస్యమో చెప్తాను, కొంచెం టెన్షన్ తగ్గుతుంది. ఇలాంటి ప్రోగ్రాములు ఇక్కడ చాలా ఉన్నాయి. నార్త్ కరోలినాలో 1945లో పుట్టిన మోర్‌హెడ్-కెయిన్, వర్జీనియాలో జెఫర్సన్ స్కాలర్స్, డ్యూక్ యూనివర్సిటీకీ చాపెల్ హిల్ యూనివర్సిటీకీ కలిపి నడిచే రాబర్ట్‌సన్ అందరికీ తెలిసినవే. మీ ఇంటి దగ్గర్లోనే యూటీ డాలస్‌లో మెక్‌డెర్మాట్ స్కాలర్స్ ఉంది, 2000లో మార్గరెట్ మెక్‌డెర్మాట్ ఇచ్చిన 3.2 కోట్ల డాలర్ల విరాళంతో మొదలైంది. వీటన్నిటికీ అప్లై చేసేది ఇంచుమించు ఒకే పిల్లలు. ఒకే అమ్మాయి మూడు చోట్ల ఫైనలిస్టు అవుతుంది, రెండు చోట్ల గెలుస్తుంది, ఒకటే తీసుకుంటుంది. వదిలేసింది కిందివాళ్లకు జారుతుంది. అందుకే ఏప్రిల్ అంతా ఈ జాబితాలు కదులుతూనే ఉంటాయి. మీ పిల్లకి 'ఆల్టర్నేట్' అని వస్తే దాన్ని మర్యాదగా చెప్పిన 'నో' అనుకుని ఏడవకండి. పైనవాళ్లు వద్దంటే పిలుపు వస్తుంది. నా దగ్గరికి వచ్చిన పిల్లల్లో ఏప్రిల్ 28న పిలుపు అందుకున్న అబ్బాయి ఉన్నాడు. ఒక్కసారి కూడా పిలుపు రానివాళ్లు అంతకంటే ఎక్కువమంది ఉన్నారు, అదీ చెప్పాలి.

మే 1 అనే తేదీ గురించి కూడా ఒక మాట. చేరేదీ లేనిదీ చెప్పడానికి ఇక్కడ ఎక్కువ కాలేజీలు పెట్టుకున్న గడువు అది. అయితే అది రాతి మీద గీత కాదు. 2020లో కోవిడ్ వల్ల ఎన్నో కాలేజీలు జూన్ 1కి జరిపాయి. 2024లో ఫాఫ్సా, అంటే ఫెడరల్ ఆర్థిక సాయం కోసం పెట్టే ఫారం, గందరగోళమైనప్పుడు మళ్లీ జరిపాయి. అంతమందికి జరిపినవాళ్లు, సరైన కారణం చూపిస్తే ఒక విద్యార్థికి వారం రోజులు ఇవ్వడం పెద్ద విషయం కాదు. అడగాలి, అంతే.

అడగాల్సింది అమ్మాయి. మీరు కాదు, మీవారు అసలే కాదు. కొన్నేళ్ల కిందట ఒక నాన్నగారు కొడుకు గొంతుతో ఆఫీసుకి ఫోన్ చేసి, పుట్టినతేదీ అడిగితే తన తేదీ చెప్పేశారు! ఆ అబ్బాయి తర్వాత క్షమాపణ మెయిల్ రాయాల్సి వచ్చింది. మీ అమ్మాయి రాసే మెయిల్ ఐదు వాక్యాలు దాటకూడదు. తన పేరు, అప్లికేషన్ నంబరు. మీ యూనివర్సిటీలో చేరాలని నిజంగా ఉంది. ఇంకోచోట స్కాలర్‌షిప్ ఫలితం ఫలానా తేదీకి తెలుస్తుంది. డిపాజిట్ గడువు ఆ తేదీ తర్వాత ఒక వారం వరకు పొడిగించగలరా. పొడిగిస్తే డార్మ్ వరసలో నా స్థానం మారుతుందా. అంతే. కుటుంబ కష్టాలు, ర్యాంకులు, గుడి, గోపురం ఏవీ వద్దు. ఇలాంటిదే ఇంకో మెయిల్ స్కాలర్‌షిప్ ఆఫీసుకి కూడా పంపమనండి. ఫలితం కచ్చితంగా ఏ రోజు చెప్తారు, వస్తే ఒప్పుకోవడానికి ఎన్ని రోజులిస్తారు, ఎంపికైనవాళ్లకి గది ముందే కేటాయించి ఉంటుందా అని. పెద్ద ప్రోగ్రాముల్లో కొన్ని తమ బ్యాచ్ మొత్తాన్ని ఒకే హాల్లో పెడతాయి. అలాంటి చోట హౌసింగ్ గురించి ఇప్పటినుంచే బెంగ అక్కర్లేదు.

డార్మ్ దొరకదేమోనన్న భయంతో బయట అపార్ట్‌మెంట్ లీజు మీద మాత్రం సంతకం పెట్టకండి. ఆస్టిన్ వెస్ట్ క్యాంపస్ లాంటి చోట్ల వచ్చే ఆగస్టుకి లీజులు ముందటి శీతాకాలంలోనే రాసేస్తారు కాబట్టి బ్రోకర్లు తొందరపెడతారు. డిపాజిట్ పోతే మూడొందలు. లీజు అంటే 12 నెలల అద్దె, గ్యారంటర్ సంతకం మీది. స్కాలర్‌షిప్ వచ్చి పిల్ల వేరే రాష్ట్రం వెళ్లిపోతే ఆ గదికి సబ్‌లీజు మనిషిని వెతుక్కోవడం మీ వంతు.

హెచ్-4 సంగతి మీరు చివర్లో ఒక ముక్కలో రాశారు కానీ, నా దృష్టిలో 300 డాలర్ల కంటే అదే పెద్ద విషయం. హెచ్-4 పిల్లలకు ఫాఫ్సా ద్వారా వచ్చే ఫెడరల్ సాయం లేదు. మెరిట్ స్కాలర్‌షిప్‌లలో చాలావాటికి పౌరసత్వంతో పని లేదు, కొన్నిటికి ఉంది. ఫైనలిస్టు దాకా వచ్చిందంటే ఆ ప్రశ్న దాటే ఉంటుంది, అయినా రాతపూర్వకంగా అడగండి. 21 నిండేలోగా గ్రీన్‌కార్డు రాకపోతే హెచ్-4 ముగుస్తుంది, మామూలుగా ఎఫ్-1 విద్యార్థి వీసాకి మారాల్సి వస్తుంది. అది సరిగ్గా మూడో ఏడాదిలోనో నాలుగో ఏడాదిలోనో పడుతుంది. అప్పుడు స్కాలర్‌షిప్ కొనసాగుతుందా, ఇక్కడ ఉంటే ఇన్-స్టేట్ ఫీజు కొనసాగుతుందా అన్నవి రెండు యూనివర్సిటీలనూ అడగాల్సిన ప్రశ్నలు. ఈ ప్రోగ్రాముల్లో వేసవి ఇంటర్న్‌షిప్‌లకు డబ్బిస్తారు. హెచ్-4 మీద వర్క్ పర్మిట్ లేకుండా జీతం తీసుకోకూడదు. అది గ్రాంటా, జీతమా అనేది తెలుసుకోండి. ఈ ముక్క మీ ఇమిగ్రేషన్ లాయర్ చెవిన కూడా వేయండి.

డబ్బు లెక్కలో చాలామంది పొరబడే చోటు ఒకటుంది. 'నాలుగేళ్లకు మూడు లక్షల డాలర్ల స్కాలర్‌షిప్' అంటే మీకు మూడు లక్షలు మిగిలినట్టు కాదు. అది ఆ యూనివర్సిటీ బయటి రాష్ట్రంవాళ్లకు వేసే ధర. టెక్సాస్‌లో ఫీజు, గది, తిండి అన్నీ కలిపి ఏడాదికి 30 వేలు అయ్యేట్టుంటే, మీకు మిగిలేది దాదాపు లక్షా ఇరవై వేలు. తక్కువేం కాదు, కానీ మూడు లక్షలు కాదు. అందులోంచి విమానం టిక్కెట్లు తీసేయండి. పన్ను కూడా తీసేయండి. ట్యూషన్, ఫీజులు, పుస్తకాలకు పోయే స్కాలర్‌షిప్ మీద పన్ను లేదు, గదికీ తిండికీ ఇచ్చే భాగం మాత్రం పిల్ల ఆదాయం కిందికి వస్తుంది. స్కాలర్‌షిప్ ఉత్తరం రాగానే, అది కొనసాగడానికి ఎంత జీపీఏ ఉండాలో కూడా చదవండి. 3.5 అని ఉంటే, కంప్యూటర్ సైన్స్ మొదటి ఏడాదిలో అది ఆషామాషీ కాదు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరేమనుకుంటున్నారో ఉంది, మీవారేమంటున్నారో ఉంది, వాట్సాప్ గ్రూపు ఏమంటోందో కూడా ఉంది. ఆ అమ్మాయి ఏమంటోందో ఒక్క వాక్యం లేదు. ఇంటర్వ్యూల నుంచి తిరిగొచ్చిన రాత్రి ఎలా ఉంది? అక్కడి పిల్లల గురించి ఆపకుండా మాట్లాడిందా, 'బానే ఉంది' అని గదిలోకి వెళ్లిపోయిందా? ఇంటర్వ్యూ వీకెండ్‌లో వాళ్లు పిల్లల్ని చూసినట్టే పిల్లలూ వాళ్లని చూస్తారు.

ఈ ఆదివారం టిఫిన్లయ్యాక ముగ్గురూ కూర్చోండి. ఒక కాగితం మీద మూడు గళ్లు గీయండి: వస్తే, రాకపోతే, ఆల్టర్నేట్ అయితే. ఒక్కోదానికింద ఏం చేస్తారో అమ్మాయి చేత రాయించండి. 'వస్తే' గడిలో ఆమె పెన్ను ఆగిపోతే ఎందుకని అడగండి, సమాధానం వచ్చేదాకా మీరిద్దరూ మాట్లాడకండి. కొందరు పిల్లలు అప్పుడు చెప్తారు, అక్కడికి వెళ్లాలని లేదని, ఇంత కష్టపడి ఫైనల్ దాకా తెచ్చినందుకు అమ్మానాన్నలకు చెప్పలేకపోయామని. రాసిన కాగితాన్ని ఫ్రిజ్ మీద అంటించండి. కబురు వచ్చిన రోజు ఇంట్లో ఎవరి బుర్రా సరిగా పనిచేయదు, ఆ కాగితం పనికొస్తుంది.

గుడిలో కట్టిన కాయని అలాగే ఉండనివ్వండి. పోర్టల్ పాస్‌వర్డ్ మాత్రం ఇవాళే మార్చుకోమని మీ అమ్మాయికి చెప్పండి, కొత్తది మీకు చెప్పొద్దని కూడా.