యార్డులో జరిగిన చిన్న ప్రమాదాలు కొత్త డ్రైవర్ ఉద్యోగం ఫారంలో రాయాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. గాజువాక వైపు ఒక స్టీలు యార్డులో రెండేళ్లు ట్రైలర్ నడిపారు. ఒకసారి రివర్స్‌లో ట్రైలర్ వెనక మూల గేటు స్తంభానికి తగిలింది, వార్నింగ్ లెటర్ ఇచ్చారు. ఇంకోసారి కాయిల్స్‌కి చైన్లు బిగిస్తూ బెడ్ మీద నుంచి జారి మడమ బెణికింది, మూడు రోజులు డ్యూటీకి పోలేదు. పోలీసు కేసు ఏదీ లేదు. ఇప్పుడు ట్యాంకర్లు, కంటైనర్ ట్రైలర్లు తిప్పే కాంట్రాక్టరు దగ్గర ఫారం నింపుతున్నారు. అందులో "గత 3 సంవత్సరాలలో ఏదైనా ప్రమాదంలో ఉన్నారా" అని ఉంది. తోటి డ్రైవర్లేమో "లేదు అని టిక్ పెట్టెయ్, ఎవడు చూస్తాడు" అంటున్నారు.

రెండూ రాయండి. ఎలా రాయాలన్నదే అసలు విషయం, దాన్ని కింద చెప్తాను. ముందు ఆ "ఎవడు చూస్తాడు" సంగతి తేల్చాలి.

విశాఖలో లారీ ఉద్యోగం ఓనరు ఒప్పుకున్నంత మాత్రాన ఖాయం కాదు, గేటు దగ్గర ఖాయమవుతుంది. పోర్టు, కంటైనర్ టెర్మినల్, రిఫైనరీ, స్టీల్ ప్లాంటు, పరవాడ ఫార్మా సిటీ, అచ్యుతాపురం సెజ్, ఎక్కడికి వెళ్లాలన్నా గేట్ పాస్ కావాలి. దానికి మీ లైసెన్సు, పోలీసు వెరిఫికేషన్, పాత ఉద్యోగాల వివరాలు కాంట్రాక్టరు పంపాలి. ఈ గేట్లకి బళ్లు పెట్టే కాంట్రాక్టర్లు ఒకళ్లకొకళ్లు తెలిసినవాళ్లే. ఒకరి దగ్గర మానేసినవాడు షీలానగర్‌లోనో ఆటోనగర్‌లోనో ఇంకొకరి దగ్గర చేరేలోపే ఫోను వెళ్లిపోతుంది. పాత సూపర్‌వైజరు "మంచోడే, ఒకసారి గేటుకి తగిలించాడు" అంటాడు. ఆ ఒక్క మాట మీ ఫారంలో కూడా ఉంటే కథ అక్కడితో సరి. ఫారంలో "లేదు" అని ఉంటే మాత్రం గేటుకి తగిలించిన సంగతి పక్కకిపోయి, దాచిన సంగతి ముందుకొస్తుంది.

యూట్యూబ్‌లో అమెరికా ట్రక్కు డ్రైవర్ల వీడియోలు చూసి చాలామంది కంగారు పడుతున్నారు. అక్కడి పద్ధతి వేరు. రాష్ట్రాల మధ్య ట్రక్కు నడపడానికి దరఖాస్తు చేసేవాడు గత 3 ఏళ్ల ప్రమాదాలు రాయాలని, కొత్త కంపెనీ 30 రోజుల్లోగా పాత కంపెనీలను అడగాలని ఫెడరల్ నిబంధన ఉంది. పాత కంపెనీ తన రిజిస్టర్‌లో నమోదు చేయాల్సిన ప్రమాదం అంటే ఏమిటో కూడా రాసిపెట్టారు: రోడ్డు మీద ఎవరైనా చనిపోయినా, గాయపడినవాళ్లకి ఆ చోటు నుంచి తీసుకెళ్లి వైద్యం చేయించాల్సి వచ్చినా, బండిని టో చేయాల్సి వచ్చినా. మనకి అలాంటి ఒకే లెక్క, ఒకే ఫైలు లేవు. అందుకే ఇక్కడ "చిన్న ప్రమాదం" అంటే ఏమిటో డ్రైవరు ఒకలా అనుకుంటాడు, సేఫ్టీ ఆఫీసరు ఇంకోలా అనుకుంటాడు. గొడవలన్నీ ఆ తేడా దగ్గరే పుడతాయి.

మీ రెండు సంఘటనల్లో ఏది పెద్దదో చూడండి. గేటు స్తంభం అని మీరు అనుకుంటున్నారు. సేఫ్టీ లెక్కలో మడమ బెణుకే పెద్దది. స్తంభానికి తగిలింది ఆస్తి నష్టం, అంతే. బెణుకుతో మూడు రోజులు పనికి పోలేదు కాబట్టి అది పని దినాలు పోయిన గాయం. గాయం వల్ల 48 గంటలో అంతకంటే ఎక్కువో పని చేయలేకపోతే అధికారులకి నోటీసు పంపాలన్నది ఫ్యాక్టరీల చట్టం నాటి నుంచి ఉన్న లెక్క. మీ పాత యార్డు ఆ నోటీసు పంపిందో లేదో పక్కన పెట్టండి. ఈఎస్ఐ కార్డు మీద మల్కాపురం ఆసుపత్రిలో చూపించుకుని ఉంటే అక్కడ రికార్డు ఉంటుంది, హాజరు పట్టీలో మూడు రోజుల ఖాళీ ఉంటుంది, ఫస్ట్ ఎయిడ్ రిజిస్టర్‌లో మీ సంతకం ఉంటుంది. వార్నింగ్ లెటర్ లేదు కదా అని ఇది వదిలేసి, స్తంభం సంగతి మాత్రమే రాసేవాళ్లు చాలామంది.

పైగా ట్యాంకరు పనికి మడమ సంగతి సూటిగా అవసరం. నిచ్చెనెక్కి పైన మూత దగ్గర డిప్ (లోపల సరుకు మట్టం) చూడాలి, దిగాలి, రోజుకి ఎన్నోసార్లు. మెడికల్‌లో డాక్టరు కాలు తిప్పి చూస్తాడు. రవాణా లైసెన్సుకి ఇచ్చే ఫారం 1ఏ మెడికల్ సర్టిఫికెట్ ఉంది కదా అంటే చాలదు, పెద్ద సైట్లు తమ డాక్టరుతో మళ్లీ చూపిస్తాయి. డ్యూటీకి ఫిట్ అని అప్పుడు ఇచ్చిన కాగితం ఉంటే జత చేయండి.

ఫారం నింపేముందు ప్రశ్నని అక్షరం అక్షరం చదవండి. "రోడ్డు ప్రమాదాలు" అని అడిగితే యార్డులో జరిగినవి ఆ గడిలోకి రావు. "ఏదైనా ప్రమాదం" అంటే వస్తాయి. "గాయం లేదా నష్టం" అంటే మీవి రెండూ వస్తాయి. "క్రమశిక్షణ చర్య" అని వేరే గడి ఉంటే వార్నింగ్ లెటర్ అక్కడ. "3 సంవత్సరాలలో" అంటే ఫారం మీద తేదీ నుంచి వెనక్కి లెక్క, అంతకు ముందువి రాయక్కర్లేదు. అడగనిది ఎగబడి రాసి ఫారం నింపేయడం కూడా తప్పే. నియర్ మిస్ (ప్రమాదం కొద్దిలో తప్పిపోయిన సంఘటన) కార్డులు రాసి ఉంటే అవి ప్రమాదాలు కావు, ఈ గడిలో పెట్టకండి. ఇంటర్వ్యూలో అడిగితే మాత్రం చెప్పండి, నియర్ మిస్ రాసే డ్రైవరంటే సేఫ్టీవాళ్లకి ఇష్టం.

ఫారం చాలాచోట్ల ఇంగ్లీషులో ఉంటుంది, ఆఫీసు గుమాస్తా నింపేసి "ఇక్కడ సంతకం పెట్టు" అంటాడు. పని తొందరగా అవ్వాలని అతను అన్ని గడుల్లోనూ "నో" కొట్టేస్తాడు. సంతకం మీది, జవాబుదారీ మీది. చదివి చెప్పమనండి, ఇచ్చేముందు ప్రతి పేజీ ఫోనులో ఫొటో తీసుకోండి. ఖాళీ ఫారం మీద సంతకం అస్సలు వద్దు.

ఇప్పుడు రాసే పద్ధతి. ఒక్కో సంఘటనకి నాలుగైదు చిన్న వాక్యాలు చాలు: ఎప్పుడు, ఎక్కడ, ఏం జరిగింది, ఎవరికైనా దెబ్బ తగిలిందా, ఏం పాడైంది, కేసు ఉందా, కారణం ఏమిటి. మీ మొదటిదానికి ఇలా:

"2024 జూన్. యార్డు లోపల ఖాళీ ట్రైలర్ రివర్స్ చేస్తుండగా వెనక ఎడమ మూల గేటు స్తంభానికి తగిలింది. ఎవరికీ గాయం లేదు. టెయిల్ ల్యాంపు, మడ్‌గార్డు మార్చారు. పోలీసు కేసు, ఇన్సూరెన్స్ క్లెయిమ్ లేవు. హెల్పరు లేకుండా రివర్స్ చేయడం కారణం. వార్నింగ్ లెటర్ ఇచ్చారు, కాపీ జత చేశాను."

రెండోదానికి:

"2025 జనవరి. కాయిల్స్‌కి చైను బిగిస్తూ ట్రైలర్ బెడ్ మీద నుంచి జారాను. కుడి మడమ బెణికింది. 3 రోజులు సెలవు, తర్వాత ఫిట్ సర్టిఫికెట్‌తో మామూలు డ్యూటీ. బెడ్ మీద ఆయిల్ ఉండటం కారణం."

నెల, సంవత్సరం వార్నింగ్ లెటర్‌లో, ఫిట్ సర్టిఫికెట్‌లో ఉన్నవే వేయండి. గుర్తున్నట్టు రాస్తే ఒక ఫారంలో జూన్, ఇంకోదాంట్లో ఆగస్టు పడుతుంది. రెండు వేర్వేరు ప్రమాదాలా అని మిమ్మల్నే అడుగుతారు. ఉత్తినే "మైనర్ యాక్సిడెంట్" అని రెండు ముక్కలు రాయడం అన్నిటికంటే నష్టం, చదివేవాడు దాన్ని తనకి తోచినంత పెద్దది చేసుకుంటాడు. హెల్పరు మీదకో లోడింగ్‌వాళ్ల మీదకో తోసేయడమూ పనిచేయదు. బెడ్ మీద ఆయిల్ ఉంటే "ఆయిల్ ఉంది" అనండి, "ఎవరో పోశారు" అనకండి.

ఇంటర్వ్యూలో తర్వాతి ప్రశ్న ఒక్కటే: "ఆ తర్వాత ఏం మార్చావు?" "జాగ్రత్తగా ఉంటున్నా సార్" అనే జవాబు రోజూ వినేదే, దానికి మార్కులు పడవు. పని భాషలో చెప్పాలి. రివర్స్‌కి ముందు దిగి బండి వెనక ఒక చుట్టు తిరిగి చూస్తాను. హెల్పరుని ఎడమ అద్దంలో కనిపించే చోట నిలబెడతాను, అద్దంలో కనిపించకపోతే ఆపేస్తాను. వీలైన చోట ట్రైలర్‌ని నా కుడి వైపుకే మడుస్తాను, ఎందుకంటే మన బళ్లలో డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు, ఎడమకి మడిస్తే క్యాబిన్ అడ్డొచ్చి ట్రైలర్ చివర కనిపించదు. మడమ సంగతికి: చైను బిగించే పని కింద నిలబడి చేయగలిగినంత కిందనుంచే చేస్తాను, ఎక్కాల్సి వస్తే రెండు చేతులు ఒక కాలు గానీ, రెండు కాళ్లు ఒక చెయ్యి గానీ ఎప్పుడూ పట్టులో ఉంచుతాను, బెడ్ మీద నుంచి దూకను. ఇది చెప్పగలిగినవాడు ఏ ప్రమాదం లేనివాడికంటే మెరుగని అనుకునే సేఫ్టీ ఆఫీసర్లు ఉన్నారు. 1997 రిఫైనరీ మంటలు, 2020 మే 7 ఎల్జీ పాలిమర్స్ గ్యాస్ లీకు చూసిన ఊరు మనది, ఇక్కడ ఆ కుర్చీలో కూర్చున్నవాడికి "నాకెప్పుడూ ఏమీ కాలేదు" అనే మాట పెద్దగా రుచించదు.

మీకు వర్తించకపోయినా, ఇది చదివే మిగతావాళ్ల కోసం పోలీసు కేసుల గురించి. రోడ్డు మీద ఎవరికైనా దెబ్బ తగిలితే వైద్యం అందేలా చూడాలి, 24 గంటల్లోగా దగ్గరలోని స్టేషన్‌లో చెప్పాలి, ఇన్సూరెన్స్ కంపెనీకి తెలపాలి. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ఇదే. కేసు నమోదైతే దాచడం కుదరదు. ఎఫ్‌ఐఆర్‌లు ఆన్‌లైన్‌లో పెట్టాలని 2016లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కేసు నడుస్తుంటే ఎఫ్‌ఐఆర్ నంబరు, స్టేషను, సెక్షను, "కోర్టు విచారణలో ఉంది" అని మాత్రమే రాయండి. తప్పు ఎవరిదన్న వ్యాఖ్యానం ఫారంలో వద్దు, ఆ కాగితం రేపు కోర్టుకి వెళ్లొచ్చు.

ఇక్కడ ఎక్కువమంది బోల్తా కొట్టేది "ఫైను కట్టేశా, కేసు కొట్టేశారు" అనే మాట దగ్గర. ఈ-చలానా కట్టడం వేరు. బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 281 కింద, అంటే పాత ఐపీసీ 279 కింద, నిర్లక్ష్యపు డ్రైవింగ్ కేసులో మేజిస్ట్రేటు ముందు తప్పు ఒప్పుకుని ఫైను కడితే అది శిక్ష పడినట్టే. "ఎప్పుడైనా శిక్ష పడిందా" అనే గడిలో "లేదు" రాస్తే అబద్ధం అవుతుంది. తీర్పు సర్టిఫైడ్ కాపీ తీయించి దగ్గర పెట్టుకోండి. లైసెన్సు ఎప్పుడైనా సస్పెండ్ అయి ఉంటే లైసెన్సుల వివరాలుండే ప్రభుత్వ సారథి పోర్టల్‌లో ఇప్పటి స్థితి ముందే చూసుకోండి, అవతలివాడూ అదే చూస్తాడు.

కాగితం ఎక్కడా లేని సొట్టల మాట కూడా అడుగుతుంటారు. క్లెయిమ్ పెడితే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ లేనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోతుందని ఓనర్లు చిన్నవి చేతి డబ్బుతోనే బాగుచేయిస్తారు. అప్పుడు ఇన్సూరెన్స్‌లో ఆనవాలు ఉండదు. కానీ ఆ డబ్బు మీ జీతంలో కోసి ఉంటే పే స్లిప్పులో ఉంటుంది. అసలు నష్టానికి జీతం కోయాలంటే ముందు మీ వివరణ అడగాలి, చట్టంలో ఉంది, చాలామంది ఓనర్లు పట్టించుకోరు. కోత పడి ఉంటే ఆ సంఘటన రికార్డులో ఉందనే లెక్క వేసుకోండి. అద్దం గీసుకోవడం, టార్పాలిన్ చిరగడంలాంటివి ఎవరూ ప్రమాదం అనరు, వదిలేయండి.

ట్యాంకరు పనికి మాత్రం ఈ వెసులుబాటు తక్కువ. లోడింగ్‌లో పొంగడం, వాల్వు కారడం, సీలు తేడా, డీకాంటేషన్‌లో (ట్యాంకరు ఖాళీ చేసేటప్పుడు) గొట్టం ఊడటం, ఎంత కొంచెమైనా, అడిగితే చెప్పాల్సిందే. ఆయిల్ కంపెనీల దగ్గర డ్రైవరు, క్లీనరు వివరాలు నమోదై ఉంటాయి. ఒక చోట పక్కన పెట్టిన మనిషి పేరు మార్చి ఇంకో చోట ఎక్కడం కష్టం. మీ లైసెన్సు మీద ప్రమాదకర సరుకుల ఎండార్స్‌మెంట్ (వాటిని నడపొచ్చనే అనుమతి నమోదు) ఇంకా లేకపోతే ముందు 3 రోజుల శిక్షణ చేయాలి. ఆ ఎండార్స్‌మెంట్‌తో ఉన్న లైసెన్సు 3 ఏళ్లే చెల్లుతుంది, రెన్యువల్‌కి 1 రోజు రిఫ్రెషర్ ఉంటుంది. ఇది లేకుండా ట్యాంకరు గడి నింపి లాభం లేదు, కంటైనర్ ట్రైలర్‌కి రాయండి.

ఒకవేళ ఈ జవాబు చదివేలోపే "లేదు" అని ఇచ్చేసి ఉంటే, సేఫ్టీ ఇండక్షన్ (చేరేముందు ఇచ్చే భద్రతా శిక్షణ) లోపు సరిదిద్దుకోండి, గేట్ పాస్‌కి పేరు వెళ్లాక కష్టం. తెల్ల కాగితం మీద "ఫలానా తేదీన ఇచ్చిన దరఖాస్తులో ప్రమాదాల గడిలో వివరాలు పూర్తిగా ఇవ్వలేదు, ఇవి చేర్చగలరు" అని, పైన చెప్పిన రెండు పేరాలు రాసి, వార్నింగ్ లెటర్ కాపీ పిన్ను చేసి ఆఫీసులో ఇవ్వండి. ఇంకో కాపీ మీద "అందింది" అని తేదీతో సంతకం పెట్టించుకోండి. ఆఫీసులో సంతకం పెట్టకపోతే అదే కాగితం ఫొటో తీసి సూపర్‌వైజరుకి వాట్సాప్ చేయండి, ఆ మెసేజ్ డిలీట్ చేయకండి.