లాకు ఎత్తిన అబ్బాయికి ఏ చదువు?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లె. కొబ్బరి తోట, కొద్దిగా వరి ఉన్నాయి. మా అబ్బాయి ఇంటర్ రెండో ఏడాది ఎంపీసీ చదువుతున్నాడు. నేను నాలుగేళ్లుగా వాడుతున్న ఫోన్‌ను, నాకు చెప్పకుండా, వీడియో చూసి కంప్యూటర్‌కు తగిలించి ‘రూట్’ చేశాడు. ఫోటోలన్నీ పోయాయి. బ్యాంకు యాప్ తెరుచుకోవడం లేదు. ఆన్ చేసినప్పుడల్లా తెర మీద ఏదో హెచ్చరిక వస్తోంది. అడిగితే ‘కస్టమ్ రికవరీ వేశాను నాన్నా, ఇక ఫోన్ మొత్తం మన చేతిలో ఉంది’ అంటాడు. వాళ్ల అమ్మకు ఇది పోలీసు కేసవుతుందేమోనని బెంగ. మా బావమరిది ‘వీడికి చదువెందుకు, రావులపాలెంలో సెల్ షాపులో పెట్టేయండి’ అంటున్నాడు. ఇది పనికొచ్చే తెలివేనా, చెడుదారి పడుతున్నాడా? చెప్పగలరు.

జవాబు: ముందు తల్లిగారి బెంగ తీరుద్దాం. సొంత ఫోన్‌ను రూట్ చేసుకోవడం, అంటే కంపెనీ అట్టేపెట్టుకున్న పూర్తి అధికారాన్ని మన చేతికి తెచ్చుకోవడం, దానంతటదే నేరం కాదు. మీ ఫోన్‌ను మీకు చెప్పకుండా చేశాడు కనుక అది మీ ఇంట్లో మీరు తేల్చుకోవలసిన తప్పు. పోయిన ఫోటోల విషయంలో మీకు కోపం రావడం న్యాయమే. అయితే ఆ కోపంలోనే అతని చదువును గురించి నిర్ణయం తీసుకోకండి. అతడు చేసిన పని ఏమిటో మీకు అర్థమైతే, అందులో తెలివి ఎంత, అనుకరణ ఎంత అన్నది మీరే తేల్చగలరు; అందుకని ఆ పని సంగతే కొంచెం వివరంగా చెబుతాను.

మీది మధ్య డెల్టా కనుక లాకులంటే మీకు వేరే చెప్పనక్కరలేదు. కాలువలో పడవలు తిరిగిన రోజుల్లో పడవ లాకులోకి రాగానే వెనుక తలుపులు మూసి, నీటిమట్టం సరిచూసి, ఆ తరువాతే లస్కరు, అంటే లాకు చూసే ఉద్యోగి, ముందు తలుపులు తీసేవాడు. ఫోన్ ఆన్ అయ్యేటప్పుడు జరిగేది ఇంచుమించు అదే. చిప్‌లో చెరపడానికి వీలులేకుండా రాసి ఉంచిన చిన్న ప్రోగ్రాము ముందు మేల్కొని, బూట్‌లోడర్ అనే ప్రోగ్రాము మీద కంపెనీ వేసిన డిజిటల్ సంతకాన్ని సరిచూస్తుంది. సంతకం సరిపోతే బూట్‌లోడర్ నడుస్తుంది. అది తన వంతుగా కెర్నెల్‌ను, అంటే ఫోన్‌కు గుండెకాయలాంటి లినక్స్ భాగాన్ని సరిచూసి వదులుతుంది. కెర్నెల్ మిగతా వ్యవస్థను సరిచూస్తూ నడిపిస్తుంది. ఎక్కడ సంతకం కుదరకపోతే అక్కడ పడవ ఆగిపోతుంది. మీ అబ్బాయి మొదట చేసిన పని బూట్‌లోడర్ దగ్గరి తలుపు ఎత్తేయడం. ఆన్ చేసినప్పుడల్లా కనిపించే హెచ్చరిక అందుకే వస్తోంది: ‘ఈ ఫోన్‌లో నడుస్తున్నది కంపెనీ ఇచ్చినదేనని నేను హామీ ఇవ్వలేను’ అని దాని భావం.

మీ ఫోటోలు పోయింది కూడా అక్కడే, అదీ పొరపాటున కాదు. దొంగిలించిన ఫోన్‌కు తలుపెత్తి లోపలి సమాచారం చదివే వీలు ఉండకూడదని, బూట్‌లోడర్‌ను అన్‌లాక్ చేసిన క్షణంలోనే వాడుకరి సమాచారమంతా చెరిగిపోయేలా ఏర్పాటు చేశారు. ఈ సంగతి అతనికి ముందే తెలిసి ఉంటే ఫోటోలను వేరేచోట దాచి ఉండేవాడు. దాచలేదంటే, ఆ అడుగు ఎందుకు వేస్తున్నాడో తెలియకుండానే వేశాడన్నమాట. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఇక కస్టమ్ రికవరీ. ఏటా వేసవిలో కాలువలు కట్టేసి, పూడిక తీసి, గట్లు, తూములు బాగుచేస్తారు కదా; నీరు పారుతుండగా చేయలేని పనులు అప్పుడు చేస్తారు. ఫోన్‌లో రికవరీ అనేది అటువంటి కట్టివేత రోజుల వ్యవస్థ. ఆండ్రాయిడ్ నడవకుండా పక్కన ఉండగా ఈ చిన్న వ్యవస్థ మేల్కొని అప్‌డేట్ ఎక్కించడం, ఫోన్‌ను మొదటి స్థితికి తేవడం వంటి మరమ్మతులు చేస్తుంది. కంపెనీ ఇచ్చే రికవరీ, కంపెనీ సంతకం ఉన్న ప్యాకేజీలను మాత్రమే అంగీకరిస్తుంది. దాని స్థానంలో టీడబ్ల్యూఆర్‌పీ వంటి బయటివారి రికవరీని పెడితే అది సంతకం అడగకుండా ఏ ప్యాకేజీనైనా ఎక్కిస్తుంది, ఫోన్ నిల్వను పంచిన విభాగాలను తెరిచి చూపుతుంది, వ్యవస్థ మొత్తానికి నకలు తీసి పెడుతుంది. ఆ దారిన మ్యాజిస్క్ వంటి ప్రోగ్రామును ఎక్కిస్తే రూట్ అధికారం వస్తుంది. ఆండ్రాయిడ్‌లో ప్రతి యాప్‌కూ ఒక అంకె కేటాయించి, ఒకదాని గదిలోకి మరొకటి చూడకుండా గోడ కడతారు. రూట్‌కు కేటాయించిన అంకె సున్నా, ఆ అంకె ముందు ఆ గోడలు నిలబడవు. ‘ఫోన్ మొత్తం మన చేతిలో ఉంది’ అన్న మీ అబ్బాయి మాటకు అర్థం ఇదే. పొరపాటున అనుమతి ఇస్తే ఒక దొంగ యాప్ చేతిలోకి కూడా అంతా పోతుంది కనుకనే బ్యాంకు యాప్‌లు అటువంటి ఫోన్‌లో తెరుచుకోవడానికి నిరాకరిస్తాయి.

ఇంత చెప్పాక మీరు అడిగిన ప్రశ్నకు వస్తాను. ఈ పని చేసిన కుర్రవాళ్లు నా దగ్గరికి చాలామందే వచ్చారు, వాళ్లలో రెండు రకాలవాళ్లను చూశాను. వీడియోలో చెప్పినట్టు ఆదేశాలు కొట్టి, పని అయిందని మురిసిపోయి, పై వారం ఆటల్లో పడ్డవారు ఎక్కువమంది. ఇది ఎందుకు పనిచేసింది, వేరే ఫోన్‌లో ఎందుకు పనిచేయదు అని తవ్వినవారు కొద్దిమంది. మొదటి రకంలో చెడు ఏమీ లేదు, కాని అది వంట పుస్తకం చూసి పులుసు పెట్టడం వంటిది. దాని మీద ఆధారపడి కోర్సు ఎంచుకోకూడదు. మీవాడు ఏ రకమో తెలుసుకోవాలంటే తిట్టకుండా ఎదురుగా కూర్చోబెట్టుకుని కొన్ని ప్రశ్నలు అడగండి.

ఫోటోలు ఎందుకు చెరిగిపోయాయో చెప్పమనండి. పైన నేను రాసిన కారణం, ఇప్పటికైనా తెలుసుకుని, తన మాటల్లో చెప్పాలి. నీ ఫోన్‌లో రికవరీకి వేరే విభాగం ఉందా అని అడగండి. పాత ఫోన్లలో ఉండేది. 2016లో ఆండ్రాయిడ్ 7తో వచ్చిన జంట విభాగాల ఏర్పాటులో చాలా ఫోన్లలో రికవరీని బూట్ విభాగంలోనే కలిపేశారు, అందువల్ల పాత వీడియోలో చెప్పిన ఆదేశం కొత్త ఫోన్‌ను పాడుచేయవచ్చు. అసలు మ్యాజిస్క్‌ను కస్టమ్ రికవరీ ద్వారా ఎక్కించడం పాతబడిన పద్ధతి అని దాన్ని తయారుచేసినవారే తమ సూచనల్లో రాశారు. ఫోన్‌కు చెందిన బూట్ ఇమేజ్‌ను, అంటే బూట్ విభాగంలో ఉండే ఫైలును తీసుకుని, దాన్ని సవరించి, తిరిగి ఎక్కించడమే వారు చెప్పే దారి. ఆండ్రాయిడ్ 13తో బజారులోకి వచ్చిన ఫోన్లలోనైతే సవరించవలసిన ఫైలే వేరు. ఈ తేడా మీవాడికి తెలుసా? చివరగా, మార్చకముందు ఉన్న బూట్ ఇమేజ్ నకలు దాచుకున్నావా అని అడగండి. నా దృష్టిలో ఈ ఆఖరి ప్రశ్నకే ఎక్కువ మార్కులు. వెనక్కి వచ్చే దారి చూసుకుని ముందుకు అడుగేసేవాడే ఇంజినీరు అవుతాడు.

నాలుగింటిలో రెండింటికి సరిగ్గా జవాబు చెప్పి, మిగతా రెండూ తెలుసుకోవడానికి ఆ రాత్రే కంప్యూటర్ ముందు కూర్చుంటే, అతనిలో పనికొచ్చే తెలివి ఉందని నిస్సంకోచంగా అనుకోండి. ఈ విద్యతోనే బతుకుదెరువు కట్టుకున్నవారున్నారు. 2009లో సయనోజెన్‌మాడ్ అనే ప్రత్యామ్నాయ ఆండ్రాయిడ్‌ను మొదలుపెట్టిన స్టీవ్ కొండిక్‌ను 2011లో శాంసంగ్ ఉద్యోగంలోకి తీసుకుంది. 2016లో మ్యాజిస్క్‌ను విడుదల చేసిన జాన్ వూ 2021లో గూగుల్‌లో ఆండ్రాయిడ్ భద్రతను చూసే బృందంలోనే చేరారు. లాకు ఎలా తెరవాలో తెలిసినవాడికే లాకు కట్టే పని ఇచ్చారన్నమాట. అయితే వీరిద్దరూ ఇతరులు రాసినదాన్ని ఎక్కించినవారు కాదు, తామే రాసి లోకం ముందు పెట్టినవారు అన్న సంగతి మీవాడికి తప్పకుండా చెప్పండి.

ఈ అభిరుచికి దగ్గరగా ఉండే ఉద్యోగాలు ముఖ్యంగా మూడు చోట్ల కనిపిస్తాయి. చిప్ తయారీదారులు, ఫోన్ కంపెనీలు కొత్త బోర్డు మీద ఆండ్రాయిడ్‌ను నిలబెట్టడానికి కెర్నెల్, డ్రైవర్లు, బూట్‌లోడర్ తెలిసినవారిని తీసుకుంటాయి. క్వాల్‌కామ్ వంటి సంస్థలకు హైదరాబాదులోనే పెద్ద కార్యాలయాలున్నాయి. రెండోది మొబైల్ భద్రత: యాప్‌లలో, ఫోన్లలో లొసుగులను అనుమతితో వెతికి నివేదించే పని. మూడోది దర్యాప్తు సంస్థలకు ఫోన్ల నుంచి సాక్ష్యం వెలికితీసే డిజిటల్ ఫోరెన్సిక్స్. దీనికి గాంధీనగర్‌లోని జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ విశ్వవిద్యాలయం వంటి చోట్ల డిగ్రీ తరువాతి కోర్సులున్నాయి. నేను మొదటిదాని వైపే మొగ్గుతాను. సైబర్ సెక్యూరిటీ అన్న పేరు బ్రోచర్ల మీద ఇప్పుడు విరివిగా కనిపిస్తోంది గాని, లోపలి యంత్రం తెలియకుండా భద్రత నేర్చుకోవడం ఈత రాకుండా పంటు నడపడం వంటిది.

చదువు విషయంలో దారి మామూలుదే, అందులో మలుపులు లేవు. ఇంటర్ మార్కులు, ఈఏపీసెట్ ర్యాంకు, ఆ తరువాత బీటెక్. ర్యాంకు బాగా వస్తే కాకినాడ జేఎన్‌టీయూ విశ్వవిద్యాలయ కళాశాల, జేఈఈ మెయిన్‌లో మంచి ర్యాంకు తెచ్చుకుంటే తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీ. అవి కాకపోయినా భీమవరం, అమలాపురం ప్రాంతాల్లో ఇంటికి దగ్గరి కళాశాలలున్నాయి. బ్రాంచి ఈసీఈ అయినా సీఎస్‌ఈ అయినా ఈ పనికి సరిపోతుంది. ఈసీఈలో చేరితే ఆపరేటింగ్ సిస్టమ్స్‌ను, సీఎస్‌ఈలో చేరితే మైక్రోప్రాసెసర్లను సొంతంగా గట్టిగా చదువుకోవాలి. ఏ బ్రాంచిలోనైనా సీ భాషను వదలకూడదు. కెర్నెల్ చాలావరకు ఆ భాషలోనే ఉంది.

ఇక్కడ ఒక ఖర్చు గురించి హెచ్చరిస్తాను, ఎందుకంటే ఈ కోరిక త్వరలోనే మీ ముందుకు వస్తుంది. ‘నేనే ఆండ్రాయిడ్ తయారుచేస్తాను, పెద్ద కంప్యూటర్ కావాలి’ అంటాడు. మొత్తం ఆండ్రాయిడ్‌ను మూలం (సోర్స్ కోడ్) నుంచి తయారుచేయడానికి 64 జీబీ ర్యామ్, 400 జీబీ ఖాళీ స్థలం కావాలని గూగుల్ సూచనలే చెబుతున్నాయి. ఒక దింపు కొబ్బరి డబ్బులు అందులో పోయడం ఇప్పుడు అనవసరం. కెర్నెల్ ఒక్కదాన్ని తయారుచేయడానికి ఇంట్లో ఉన్న మామూలు కంప్యూటర్ మీద లినక్స్ వేసుకుంటే చాలు. ఆ కెర్నెల్ లైసెన్సు ప్రకారం ఫోన్ కంపెనీలు తాము మార్చిన మూలాన్ని బయటపెట్టాలి కనుక చాలా మోడళ్లకు అది ఉచితంగా దొరుకుతుంది. ఒక చిన్న మార్పు చేసి, తయారుచేసి, పాత ఫోన్‌లో నడిపించగలిగిన రోజున పెద్ద కంప్యూటర్ గురించి ఆలోచిద్దాం. అదికూడా పరీక్షలన్నీ అయ్యాకే.

బావమరిదిగారి సలహాను నేను చిన్నచూపు చూడను. చేతిలో పనున్న సెల్ మెకానిక్ గౌరవంగా బతుకుతాడు. సెలవుల్లో ఒక నెల అక్కడ కూర్చుంటే బోర్డు మీద ఏ భాగం ఎక్కడుందో, సోల్డరింగ్ ఎలా చేయాలో తెలుస్తుంది, అది బీటెక్‌లో చాలామందికి దొరకని అనుభవం. కాని షాపులోకి వచ్చే పనులన్నీ ఒకలాంటివి కావు. ఎవరిదో తెలియని ఫోన్‌కు ఖాతా తాళం తీసిపెట్టమని, ఐఎంఈఐ అంకె మార్చిపెట్టమని అడిగేవారు ఉంటారు. తల్లిగారి బెంగకు అసలు చోటు అదే. ఐఎంఈఐ వంటి గుర్తింపు సంఖ్యలను మార్చడానికి 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ప్రకారం 3 ఏళ్ల దాకా జైలు, 50 లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. యజమాని అనుమతి లేకుండా ఇతరుల పరికరంలో చొరబడితే సమాచార సాంకేతిక చట్టం వర్తిస్తుంది. ‘స్నేహితుడు అడిగాడు’ అన్నది అక్కడ జవాబుగా చెల్లదు. ఈ రెండు పనులూ ముట్టనని అతని చేత మాట తీసుకున్నాకే పంపండి.

చివరికి మీ ఫోన్ సంగతి. చాలా ఏళ్ల క్రితం నేనూ ఇదే సరదాతో ఒక ఫోన్‌ను కంప్యూటర్‌కు తగిలించి అందులోకి సాఫ్ట్‌వేర్ రాస్తుండగా మధ్యలో కరెంటు పోయింది. కంప్యూటర్ ఆగింది, సగం రాసిన ఫోన్ మళ్లీ లేవలేదు. కాబట్టి మీ ఫోన్‌ను మామూలు స్థితికి తెచ్చే పనిని కరెంటు నిలకడగా ఉండేటప్పుడు, వీలైతే బ్యాటరీ ఉన్న ల్యాప్‌టాప్ మీద చేయమనండి. హెచ్చరిక పోవాలని తొందరపడి బూట్‌లోడర్‌ను ఊరికే తిరిగి లాక్ చేయనివ్వకండి: మార్చిన ఫైళ్లు లోపల ఉండగా లాక్ వేస్తే సంతకం కుదరక ఫోన్ అసలు తెరుచుకోకపోవచ్చు. ముందు మీ మోడల్‌కు కంపెనీ ఇచ్చిన అసలు సాఫ్ట్‌వేర్‌ను పూర్తిగా ఎక్కించాలి. అది ఇప్పుడున్న దానికంటే పాతది కాకూడదు, కొన్ని ఫోన్లు వెనక్కి వెళ్లనివ్వవు. ఫోన్ మామూలుగా తెరుచుకుందని చూసుకున్న తరువాతే లాక్ వేయాలి. లాక్ వేసేటప్పుడు సమాచారం మరోసారి చెరిగిపోతుంది కనుక ఈ మధ్య తీసిన ఫోటోలను ముందే వేరేచోట పెట్టించండి. ఇవన్నీ సక్రమంగా జరిగితే సాధారణంగా బ్యాంకు యాప్ మళ్లీ పనిచేస్తుంది. శాంసంగ్ ఫోన్లలో మాత్రం ఒకసారి ఇలా మార్చితే లోపల ఒక ఫ్యూజు శాశ్వతంగా కాలిపోతుంది, ఫైళ్లను తాళం వేసి దాచుకునే సెక్యూర్ ఫోల్డర్ వంటి కొన్ని సదుపాయాలు తిరిగి రావు.

ఈ పనంతా మీవాడి చేతే, మీ ఎదుట, ఏ అడుగు ఎందుకో నోట్‌బుక్‌లో ముందుగా రాయించి చేయించండి. ఆ తరువాత ప్రయోగాలకు ఇంట్లో మూలనపడ్డ పాత ఫోన్ ఒకటి అతనికి ఇచ్చేయండి. ఈఏపీసెట్ ర్యాంకు వచ్చాక ఆ నోట్‌బుక్ పేజీల నకలు జతచేసి నాకు మళ్లీ రాస్తే, బ్రాంచి, కళాశాల సంగతి అప్పుడు ఖాయంగా చెబుతాను.