ఆఫీసు వాళ్లు పర్సనల్ కోచ్‌ని పెట్టారు, మొదటి సెషన్‌లో ఏం జరుగుతుంది?

కొత్తగా టీమ్ లీడ్ అయ్యారు, కంపెనీ ఖర్చుతో ఆరు సెషన్ల కోచింగ్ ఇప్పిస్తున్నారు. అక్కడ ఏం అడుగుతారు, చెప్పిందంతా మేనేజర్ చెవిన పడుతుందా అన్నది మీ ప్రశ్న. ఈ పనిలో ఉన్నదాన్ని కాబట్టి లోపల జరిగేది చెబుతాను.

ముందు రెండోది తేల్చేద్దాం. అది తేలకపోతే మీరు నోరు విప్పరు, నోరు విప్పకపోతే ఆరు సెషన్లూ దండగ. కంపెనీ డబ్బు కట్టే చోట సాధారణంగా మొదట మీరు, కోచ్, మీ మేనేజర్ (లేదా హెచ్‌ఆర్) కలిసి ఓ అరగంట కూర్చుంటారు. ఆఫీసు మీ నుంచి ఏ మార్పు కోరుతోందో అక్కడ మీ ఎదుటే చెప్పాలి. ఆ తర్వాత కోచ్ ఆఫీసుకు చెప్పేది ఎన్ని సెషన్లు అయ్యాయి, మీరు హాజరయ్యారా లేదా అన్నంత వరకే ఉండాలి. దీన్ని నోటిమాటగా వదిలేయకండి. ఎవరికి ఏం చెబుతారో ఒప్పందంలో రాసి ఉందా చూడండి, లేకపోతే రాయించండి. ప్రాణాపాయం, చట్టం అడిగే సమాచారం లాంటి మినహాయింపులు ఉంటాయి, వాటికి కంగారు పడక్కర్లేదు. చాలామంది పట్టించుకోనిది ఇంకొకటుంది: ఆఫీసు అకౌంట్‌తో వీడియో కాల్‌లో చేరితే రికార్డింగో, నోట్స్ రాసే ఏఐ బాటో దానంతటదే మొదలై, అవి ఆఫీసు ఫోల్డర్‌లో పడొచ్చు. సొంత ఫోన్ నుంచి, సొంత అకౌంట్‌తో చేరండి.

మొదటి సెషన్ సాధారణంగా గంట ఉంటుంది. ఓ పది నిమిషాలు నియమాలకే పోతాయి. 24 గంటల ముందు చెప్పకుండా మానేస్తే ఆ సెషన్ లెక్కలో పోతుందన్నది మామూలు షరతు. మిగతా టైమంతా లక్ష్యం మీదే. "కమ్యూనికేషన్ ఇంప్రూవ్ చేసుకోవాలండి" అంటారు చాలామంది. కోచ్ దాన్ని అలాగే రాసుకుంటే మీ గంట వృథా. మాట ఇలా నడవాలి:

"ఎవరితో మాట్లాడేటప్పుడు ఇబ్బంది?"
"క్లయింట్ కాల్‌లో అండి."
"అక్కడ ఏమవుతుంది?"
"డేట్ అడుగుతారు. కుదరదని తెలిసీ సరే అనేస్తాను."
"తర్వాత?"
"టీమ్‌ని శని, ఆదివారాలు కూర్చోబెడతాను."

ఇక్కడికొచ్చాక అసలు విషయం బయటపడింది. అప్పుడు లక్ష్యం ఇలా మారుతుంది: వచ్చే నాలుగు వారాలు క్లయింట్ డేట్ అడిగిన ప్రతిసారీ అక్కడికక్కడ ఒప్పుకోకుండా, "టీమ్‌తో చూసి రేపు చెబుతాను" అనాలి. ఎన్నిసార్లు అన్నారో, ఎన్నిసార్లు జారిపోయారో లెక్కపెట్టుకోవచ్చు.

కాబట్టి సిద్ధం చేసుకోవాల్సింది పెద్దగా ఏమీ లేదు. ఈ నెలలో మిమ్మల్ని ఇబ్బంది పెట్టిన మూడు సందర్భాలు, ఎవరు ఏమన్నారో ఆ మాటలతో సహా, ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. మీ గుణగణాల జాబితా అక్కర్లేదు.

కోచ్ సలహా ఇవ్వరు, ప్రశ్నలే వేస్తారు. అమీర్‌పేట కోచింగ్ సెంటర్‌లో సార్ చెబుతుంటే నోట్స్ రాసుకున్న మనకు ఇది మొదట్లో చిరాకే. రెండో సెషన్‌లో "ఇంతకీ నన్నేం చేయమంటారు?" అని అడగనివాళ్లు తక్కువ. కోచ్ ప్రశ్న వేసి పది, పదిహేను సెకన్లు ఊరుకుంటే అది నెట్ సమస్య కాదు. తొందరపడి ఏదో ఒకటి అనేయకండి. ఇద్దరికీ తెలుగు వస్తే తెలుగులోనే మాట్లాడతానని అడగండి. ఇంగ్లిష్‌లో మనం ఇంటర్వ్యూ జవాబులు చెబుతాం.

సెషన్‌కూ సెషన్‌కూ మధ్య రెండు వారాలు మంచి వ్యవధి. ఒకటీ రెండు పనులకు మించి ఒప్పుకోవద్దు. మూడో సెషన్ దగ్గర చాలామంది జారుకుంటారు: ఒప్పుకున్న పని చేయలేదు, మొహం చెల్లక వాయిదా అడుగుతారు. చేయకపోయినా వెళ్లండి. ఎందుకు చేయలేకపోయారన్నదే ఆ గంటకు సరిపడా సరుకు.

మన దేశంలో కోచ్ అని బోర్డు పెట్టుకోవడానికి లైసెన్సేమీ అక్కర్లేదు, అందుకే అర్హత అడగడం తప్పు కాదు. 1995లో మొదలైన ఐసీఎఫ్ (ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్) అనే అంతర్జాతీయ సంస్థ కోచ్‌లకు మూడు స్థాయిల గుర్తింపు ఇస్తుంది. కింది స్థాయి నుంచి చూస్తే ఏసీసీకి 100 గంటలు, పీసీసీకి 500, ఎంసీసీకి 2,500 గంటల కోచింగ్ చేసి ఉండాలి, శిక్షణ గంటలు వేరు. గుర్తింపు ఉన్నా మీకు కుదరకపోవచ్చు. మొదలయ్యే ముందు ఇరవై, ముప్పై నిమిషాల పరిచయ కాల్ అడగండి, రెండో సెషన్ తర్వాత కూడా పొసగకపోతే హెచ్‌ఆర్‌తో చెప్పి మార్పించుకోండి. కారణం వివరించనక్కర్లేదు.

వారాల తరబడి నిద్ర లేకపోవడం, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం, చచ్చిపోవాలనిపించడం ఉంటే అది కోచ్ పని కాదు, డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళైనా ఉచితంగా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఈ విషయం కోచ్‌కి కూడా దాచకండి. ఆరు సెషన్లనూ కొన్నాళ్లు ఆపి తర్వాత మొదలుపెట్టే వీలు ఉందేమో ఒప్పందంలోనే చూసుకోవచ్చు.